ఫ్యానూ, తంబురా

కంప్యూటరు మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవాలంటే ఏదో ఒకటి మాట్లాడాలి. ఆ ఏదో ఒకటి ఏమిటన్నది మాత్రం ఎవరికీ తోచదు. ఈ సంగతి కొన్నాళ్ళుగా నన్ను తొలుస్తోంది. గంటల తరబడి ఫోనులో కబుర్లు చెప్పగల మనిషి కూడా సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, ఆ ఇన్‌పుట్ గీత ఎదురుగా కూర్చోగానే బిగుసుకుపోయి "హలో, హలో, వన్ టూ త్రీ" అంటాడు. గీత కాస్త ముందుకురికి వెనక్కొస్తుంది. మళ్ళీ "హలో" అంటాడు. అక్కడితో సరుకు అయిపోతుంది. వినాయక చవితి పందిట్లో మైకుసెట్టు కుర్రాడు అనేదీ అదే, అమెరికా క్లయింటు రాకముందు మీటింగులో టీమ్ లీడరు అనేదీ అదే. ఎదుట మనిషి లేకపోతే మనకు మాట పుట్టదా? లేక వింటున్నది యంత్రం గనక దానికి అంకెలైతేనే ఎక్కుతాయని లోలోపల ఎక్కడో అనుకుంటామా? ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఈసారి ఇంకేదైనా అందాం అనుకుంటాను. నోరు తెరిస్తే హలోనే వస్తుంది.

కాలేజీ రోజుల్లో విజయవాడ ఆకాశవాణికి యువవాణి కార్యక్రమంలో చిన్న ప్రసంగం చదవడానికి వెళ్ళాను. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం అది, వాగ్గేయకారులు బాలాంత్రపు రజనీకాంతరావుగారు పనిచేసిన చోటు. ఆ పేరు తలుచుకుంటేనే సగం వణుకు. గది గోడల నిండా చిల్లుల పలకలు. తలుపు మూస్తే మన ఊపిరి మనకే పెద్దగా వినిపించేంత నిశ్శబ్దం. అద్దానికి అవతల కూర్చున్న ఇంజనీరుగారు "ఏదైనా మాట్లాడు బాబూ, లెవెల్ చూసుకుంటాను" అన్నారు. నేను వన్ టూ త్రీ అందుకున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపి, "అంకెలొద్దు, పొద్దున ఏం తిన్నావో చెప్పు" అన్నారు. ఇడ్లీ, అల్లప్పచ్చడి. ఎక్కడ? బస్టాండు దగ్గర. ఎలా ఉంది? కారం ఎక్కువైందండీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి అని నేను చెబుతూ ఉండగానే "చాలు, వచ్చేసింది" అని ప్రసంగం మొదలుపెట్టమని సైగ చేశారు. రేడియోవాళ్ళ పాత అలవాటు ఇదనీ, ఇతర దేశాల స్టూడియోల్లో కూడా ఉదయం తిన్న తిండి గురించే అడుగుతారనీ తర్వాత చదివాను. ఆలోచిస్తే ఎంత తెలివైన ప్రశ్న! అంకెలు చెప్పే గొంతు ఒకే మెట్టు మీద నడుస్తుంది. పచ్చడి గురించి చెప్పే గొంతు లేస్తుంది, దిగుతుంది, మధ్యలో నవ్వుతుంది. ప్రసంగంలో వాడబోయేది ఆ రెండో గొంతే కదా.

పైగా "వన్ టూ త్రీ"లో పకారమూ లేదు, సకారమూ లేదు. మైకు దగ్గర తగువు తెచ్చేవి ఆ రెండే. ప, బ, ఫ, భ పలికేటప్పుడు మూసిన పెదాలు విడిపోయి గాలి గుప్పున బయటికొచ్చి మైకు పొరను గుద్దుతుంది. వినేవాడికది ఢబ్బుమంటుంది. స, శ, ష బుసకొడతాయి. ఇవి లేకుండా పరీక్ష చేసుకుని బాగుందనుకుంటే, తీరా "పద్మగారూ, శుభోదయం" అనగానే అవతలివాళ్ళు ఇయర్‌ఫోన్లు పీకేస్తారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళు సరిగ్గా ఇలాంటి పనికోసమే వాక్యాలు కూర్చారు. మామూలు మాటల్లో ఏ ధ్వని ఎంత తరచుగా వస్తుందో అదే పాళ్ళలో ఉండేటట్టు చూసి, పదేసి చొప్పున 72 జాబితాలు, అంటే 720 వాక్యాలు. 1969లో అమెరికా ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ వాటిని తన సిఫారసుల్లో అచ్చువేసింది. టెలిఫోన్లను పరీక్షించడానికి వాటినే చదివేవారు. చదువుతుంటే తమాషాగా ఉంటాయి. ప్రతి వాక్యానికీ అర్థం ఉంటుంది, ఒక్కదానికీ ముందూ వెనకా ఉండదు. ఆ వరసలో నేనూ నాకోసం రెండు అల్లుకున్నాను. "బాబూరావు బాబాయి పప్పు గిన్నెలో ఫలహారం పారబోశాడు." "శేషమ్మ సీసాలో సెనగలు పోసి ఈశాన్యాన దాచింది." మొదటిది గాలి గుద్దుకు, రెండోది బుసకు. మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా జరిపితే బాబూరావు బాబాయి బుద్ధిమంతుడైపోతాడు. శేషమ్మతోనే కొంచెం కష్టం.

ఈ పిచ్చి నాకు పట్టడానికి కారణం మా పిన్ని. రాజమండ్రిలో ఉంటుంది. 2020లో ఇంటికొచ్చే పిల్లలు ఆగిపోయాక కంప్యూటర్లో సంగీతం చెప్పడం మొదలుపెట్టింది, ఇప్పుడు డాలస్‌లో, న్యూజెర్సీలో కూడా శిష్యులున్నారు. వాళ్ళ సాయంత్రం అంటే మనకు తెల్లవారుజాము. నేను ఆ ఊరు వెళితే మంచినీళ్ళ కంటే ముందు ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెడుతుంది. "ఒరేయ్ అబ్బాయ్, నా మాట అవతలికి పోవట్లేదట. ఆ డాలస్ పిల్ల వాళ్ళమ్మ ఒకటే గోల, వినపడట్లేదండీ, వినపడట్లేదండీ అని. నువ్వేదో చెయ్యి." చూడగానే సగం రోగం కనిపించింది. పాత చీరలో పీట మీద కూర్చుని చెప్పే పాఠానికి మొహం చూపించడమెందుకని పిన్ని కెమెరా కంటికి ఓ పెద్ద స్టిక్కరు బొట్టు అంటించింది. ఆ కంటికి పక్కనే సూది మొనంత బెజ్జం ఒకటుంది. అదే మైకు. ఇంకా చెప్పాలంటే మైకుకు దారి. మైకు దాని వెనక, సిలికాన్ మీద చెక్కిన, వెంట్రుక కంటే చాలా పల్చని పొర. బొట్టు తీసేసరికి పిన్ని గొంతు తిరిగొచ్చింది. "ఇంత పొడుగు కంప్యూటరుకు చెవి ఇంతేనట్రా?" అని ఆశ్చర్యపోయింది.

కానీ మైకు తంటాలన్నీ ఇలా కంటికి కనబడవు. అసలు చాలాసార్లు మైకుకు ఏ జబ్బూ ఉండదు. కంప్యూటరుకు ఒక మైకు కాదు, మూడు నాలుగు ఉండొచ్చు: లోపలిది, హెడ్‌సెట్‌ది, వెబ్‌క్యామ్‌ది, అంతకుముందు ఎప్పుడో జతచేసి మర్చిపోయిన బ్లూటూత్‌ది. మనం ఒకదాని ముందు గొంతు చించుకుంటుంటే అది ఇంకోదానికి చెవి ఒగ్గి కూర్చుంటుంది. అందుకే మొదట చూడాల్సింది ఇన్‌పుట్ దగ్గర ఎవరి పేరుందో. పేరు సరైనదే అయితే అనుమతి చూడాలి. విండోస్‌లో ప్రైవసీ పేజీలో మైక్రోఫోన్ అని ఒక తలుపు, అది తెరిచినా దాని కింద ఒక్కో యాప్‌కు ఒక్కో గొళ్ళెం, బ్రౌజరుకు మళ్ళీ ప్రతి సైటుకూ వేరే తాళం. ఎప్పుడో తొందరలో "బ్లాక్" నొక్కి ఉంటాం, అది ఆ మాట పట్టుకుని నెలల తరబడి నోరు మెదపదు. ఇవి కాక కొన్ని ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు మీదే ఒక మ్యూట్ మీట ఉంటుంది, చిన్న ఎర్ర దీపంతో. పిల్లలు ఆడుకుంటూ నొక్కేస్తారు. ఛార్జరు పెట్టినప్పుడు మాత్రమే గుయ్‌మని మోత వస్తుంటే దోషం మైకుది కాదు, చాలావరకు గోడలోని ప్లగ్గుది. ఎర్తింగ్ సరిగా ఉండదు. ఛార్జరు పీకి మాట్లాడి చూస్తే తేలిపోతుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌ది ఇంకో కథ. పాట వింటున్నంతసేపూ నిండుగా వినిపిస్తుంది, దాని మైకు వాడటం మొదలుపెట్టగానే పాతకాలం ఫోనులోంచి వచ్చినట్టు చిక్కిపోతుంది. ఒకే సన్నటి దారిలో రానూ పోనూ రెండూ నడపాలి గనక అది నాణ్యత తగ్గించుకుంటుంది. సంగీతం పాఠానికి అది పనికిరాదు. పిన్నికి తీగ ఉన్న హెడ్‌సెట్ కొనిచ్చాను.

అన్నీ సరిచేశాక సౌండ్ రికార్డరు తెరిచి పిన్నిని మాట్లాడమన్నాను. అనుకున్నట్టే "హలో" అని ఆగిపోయింది. పొద్దున ఏం తిన్నావు పిన్నీ అన్నాను. "ఏకాదశిరా ఇవాళ, ఏం తింటాను, పచ్చి మంచినీళ్ళు" అంది. ఆకాశవాణి పద్ధతి అక్కడ పారలేదు. సరే, ఏదైనా పాడు అంటే మోహనంలో నాలుగు స్వరాలు పాడింది. తిరిగి వినిపించాను. మొహం ముడుచుకుని "ఎవర్రా ఈవిడ? గొంతు ఇంత పీలగా ఉందేమిటి" అంది. అందరూ అనే మాటే అది. మన గొంతు మనకు రెండు దారుల్లో చేరుతుంది, గాలిలోంచి చెవికీ, దవడా పుర్రె ఎముకల గుండా లోపలి చెవికీ. ఎముక మంద్ర ధ్వనుల్ని బాగా మోస్తుంది, అందుకే లోపల మనం ఎప్పుడూ కాస్త గంభీరంగా ఉంటాం. మైకుకు ఆ ఎముకల దారి లేదు. యాభై ఏళ్ళు పాడిన మనిషి తన గొంతు ఇతరులకు ఎలా వినిపిస్తుందో ఒక చిన్న పరీక్షలో తెలుసుకోవడం చూస్తే నాకేదోలా అనిపించింది. లోకం ఇన్నేళ్ళూ విన్న పిన్ని వేరే మనిషా? రెండోసారి విని పిన్ని, "అయినా శ్రుతిలోనే ఉందిలే" అనుకుని ఊరుకుంది. నేనైతే అంత తొందరగా ఊరుకోలేకపోయాను.

అసలు సమస్య మర్నాడు తెల్లవారుజామున బయటపడింది. మాట పోతోంది, పాట పోతోంది, కానీ డాలస్ పిల్ల శ్రుతి తప్పి ఎక్కడో గాలిలో తిరుగుతోంది. "తంబురా వింటూ పాడవే" అంటుంది పిన్ని. "గురువుగారూ, తంబురా ఏదీ?" అంటుంది పిల్ల. ఇక్కడ ఎలక్ట్రానిక్ తంబురా గది నిండా మోగుతోంది. పైగా, పిన్ని పై షడ్జం మీద నిలబడితే రెండు క్షణాలు వినిపించి కరిగిపోతోందట, గమకం వేస్తే మాత్రం బాగా వినిపిస్తోందట. నాకు వెంటనే అంతుపట్టలేదు. రికార్డరులో తంబురా చక్కగా ఉంది, మైకు వింటోంది. మరి నడుమ ఎవరు మింగేస్తున్నారు?

మింగేస్తున్నది నాయిస్ సప్రెషన్. మీటింగు యాప్‌లలో దాదాపు అన్నిట్లో ఇప్పుడది తనంతట తానే పనిచేస్తూ ఉంటుంది. దాని పాత సూత్రం తేలిక. మనిషి మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, అక్షరానికీ అక్షరానికీ నడుమ సందులుంటాయి. ఆ సందుల్లో కూడా మారకుండా మోగుతున్నది ఏదైనా ఉంటే అది ఫ్యానో, ఏసీయో, ఫ్రిజ్జో అయి ఉంటుంది. దాని ఆకారం అంచనా వేసి మొత్తంలోంచి తీసెయ్. 1979లో స్టీవెన్ బోల్ అనే పరిశోధకుడు ఈ పద్ధతిని వివరిస్తూ రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ రంగంలో అందరూ తలుచుకునేదే. ఇప్పుడు అంచనాల స్థానంలో లక్షల నమూనాలు విని నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి, కానీ వాటికి నేర్పిందీ మాట ఏది, మోత ఏది అనే. తంబురాను దాని దృష్టిలో పెట్టి చూడండి. ఆగదు, మారదు, మాటల సందుల్లో కూడా అలాగే మోగుతుంది. ఫ్యానుకు ఏ లక్షణాలున్నాయో తంబురాకూ అవే ఉన్నాయి. యంత్రం జల్లెడ పట్టి, పిండి అనుకున్నది ఉంచుకుని, తవుడు అనుకున్నది పారేసింది. చలనం లేకుండా నిలిపిన షడ్జం కూడా దానికి తవుడులాగే తోచింది. కంపించే గమకమైతే మాటకు దగ్గరగా ఉంటుంది గనక బతికిపోయింది. దీనికి తోడు ఇంకో సహాయకుడున్నాడు, గొంతు తగ్గితే తనే పెంచి, పెరిగితే తనే తగ్గించే ఆటోమేటిక్ గెయిన్. సన్నగా మొదలుపెట్టి క్రమంగా పెంచుకుంటూ పోయే ఆలాపన అవతల చదునైపోయి చేరుతుంది. నిలకడ, హెచ్చుతగ్గులు తీసేస్తే మన సంగీతంలో ఇంకేం మిగిలిందో నాకు అర్థం కాలేదు. సాహిత్యం మిగిలిందనాలి కాబోలు.

ఆ ఉక్రోషంలో మైకు పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ అని ఒకాయన, బ్రిటన్‌వాడే, కుర్రతనంలో అమెరికా వెళ్ళి కెంటకీలో ఒక కాలేజీలో సంగీతం పాఠాలు చెప్పినవాడు. తర్వాత టెలిగ్రాఫు యంత్రాలు చేసి పేరు తెచ్చుకున్నాడు. 1878లో లండన్‌లో వదులుగా ఆనించిన కార్బన్ ముక్కల గుండా కరెంటు పంపి, చప్పుడు తగిలినప్పుడు ఆ ఆనిక బిగిసి సడలి కరెంటు కూడా అలాగే ఊగుతుందని చూపించాడు. ఆ పెట్టె మీద ఈగను వదిలి, అది నడుస్తుంటే కాళ్ళ చప్పుడు టెలిఫోనులో వినిపించాడు. జనం నోళ్ళు తెరిచారు. దానికి పేటెంటు తీసుకోకుండా లోకానికే వదిలేశాడు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు, ఒకసారి విద్యుదావేశం ఎక్కిస్తే ఏళ్ళ తరబడి వదలని పల్చని ప్లాస్టిక్ పొరతో ఎలెక్ట్రెట్ మైకు చేశారు. చవకగా, చిన్నగా టేప్ రికార్డరు నుంచి హెడ్‌సెట్ దాకా అన్నింట్లోకీ అది దూరింది. ఈ కథంతా చదివాక నాకు తట్టింది ఇదీ: హ్యూస్ గర్వపడింది తన యంత్రం ఏదీ వదలదని. ఇవాళ్టి యంత్రం చేసినవాళ్ళు గర్వపడేది ఏవేవి వదిలేస్తుందో చెప్పి. ఈగ కాళ్ళ చప్పుడు వినిపించిన సంగీతం మాస్టారు పెట్టెలోంచి తంబురా వినిపించకపోవడానికి నూట నలభై ఏళ్ళు పట్టింది.

ఇలా అంటున్నానే గానీ, నా మాట నాకే పూర్తిగా నమ్మశక్యంగా లేదు. మా పక్కింటివాళ్ళు రోజూ సరిగ్గా నా మీటింగు వేళకే మిక్సీ వేస్తారు. వంటింట్లో కుక్కరు కూస్తుంది, వీధిలో "పాత పుస్తకాలు కొంటాం" అని స్పీకరు బండి తిరుగుతుంది. వాటన్నిటినీ అవతలివాళ్ళకు చేరకుండా తుడిచిపెడుతున్న ఆ జల్లెడకే కదా నేను రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేది? ఇంట్లో వేరే గది లేనివాళ్ళు, చంటిపిల్లలున్నవాళ్ళు దాని వల్లే పరువుగా ఉద్యోగం చేసుకుంటున్నారు. అది చేసే పని తప్పని ఎలా అనను? దానికి కచేరీ అని ఎవరూ చెప్పలేదు, ఆఫీసు అని చెప్పారు. ఆఫీసులో తంబురా మోగితే నేనైనా ఆపమనే అంటాను.

గొంతు యంత్రానికి లొంగడం కొత్తేమీ కాదు కూడా. 1902లో కలకత్తాలో గాయని గౌహర్‌జాన్ పాడిన రికార్డులకు మైకు లేదు, ఒక పెద్ద బాకాలోకి తలపెట్టి పాడాలి. పాట చివర తన పేరు తనే గట్టిగా చెప్పేది, ఎందుకంటే రికార్డు అచ్చయ్యేది జర్మనీలో, అక్కడివాళ్ళకు ఎవరు పాడారో తెలియాలి. 1925 ప్రాంతాల్లో మైకుతో రికార్డు చేయడం వచ్చాక గానీ సన్నగా, చెవిలో చెప్పినట్టు పాడటం కుదరలేదు. మన పద్యనాటకాలవాళ్ళు మైకు రాకముందు చివరి వరుసలో నేల మీద కూర్చున్నవాడికి అందాలని నాలుగు, ఐదు శ్రుతుల్లో ఎత్తుకునేవారు. పెద్దవాళ్ళ ఆ రాగాలాపనలో కొంత కళ, కొంత దూరం. మైకొచ్చాక శ్రుతి దిగింది, మంద్రంలో తిరిగే తీరిక వచ్చింది. అప్పుడు యంత్రం గొంతుకు కొత్త జాగా ఇచ్చింది. ఇప్పుడిది తీసుకుంటోంది. నిలిపిన స్వరం అవతలికి చేరదని తెలిసిన పిల్ల, ఏళ్ళ తరబడి ఇలాగే నేర్చుకుంటే, ప్రతి స్వరాన్నీ వణికిస్తూనే పాడటం అలవాటు చేసుకోదూ? పిన్నికి ఈ భయం చెబితే, "పిల్లలకు నేను చెప్పలేనట్రా?" అని కసిరింది. చెప్పగలదు. చెప్పింది చేరితే.

చేర్చడం మాత్రం చాలా సులువుగా అయిపోయింది. జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అని ఒక ఏర్పాటు ఉంది, ఆడియో సెట్టింగ్స్‌లో. అది పెడితే జల్లెడ పక్కకు తప్పుకుంటుంది. దానికింద ఎకో క్యాన్సిలేషన్ కూడా తీసేస్తే ఇంకా మెరుగు, కానీ అప్పుడు రెండు వైపులా హెడ్‌ఫోన్లు తప్పనిసరి, లేకపోతే స్పీకర్లోంచి వచ్చింది మైకులోకి దూరి ప్రతిధ్వనిస్తుంది. ఇద్దరూ ఒకేసారి పాడే పని ఎలాగూ కుదరదు. మాట సముద్రాలు దాటి రావడానికి పట్టే ఆ కాస్త ఆలస్యంలో తాళం తప్పుతుంది. గురువు పాడాక శిష్యుడు పాడటం మన పాత పద్ధతే గనక పిన్నికి దానివల్ల నష్టం కలగలేదు. తంబురా ఒకటి డాలస్‌లో కూడా విడిగా పెట్టించింది, అదే శ్రుతిలో. ఆ పిల్ల ఇప్పుడు పై షడ్జం దగ్గర ఆగుతోంది.

మీ ఇంట్లో ఎవరైనా ఆన్‌లైన్‌లో పాటో, వీణో, వయొలినో నేర్చుకుంటుంటే ఇవాళే ఆ సెట్టింగ్ ఒకసారి చూడండి, ఫోనులో జూమ్ వాడుతున్నా అక్కడా ఉంటుంది. పాఠానికి ముందు "హలో" అనకండి, తంబురా పెట్టి ఒక షడ్జం నిలిపి రికార్డు చేసి, అవతలివాళ్ళ చేత కూడా రికార్డు చేయించి పంపమనండి; రెండూ పక్కపక్కన వింటే దోషం ఎక్కడుందో వైద్యుడు లేకుండానే తెలుస్తుంది. అన్నట్టు, కెమెరా పక్క బెజ్జంలో దుమ్ముందని పిన్నీసు పెట్టి పొడవకండి. ఆ పొర చిరిగితే మళ్ళీ అతకదు.